పిల్లలు కుదురుకుంటారు, ముందు మీ సంగతి చూసుకోండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. గాజువాకలో అత్తమామలతో ఉంటున్నారు. బాబుకి అయిదేళ్లు, పాపకి రెండు నిండబోతున్నాయి. మీవారికి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చింది, దసరా అయ్యాక అక్టోబరు చివర్లో నలుగురూ కలిసి విమానం ఎక్కేద్దామనుకుంటున్నారు. పిల్లలు అక్కడ ఇమడగలరా, తెలుగు మరిచిపోతారా, జ్వరమొస్తే ఏం చేయాలి, సామాను ఏమేం పట్టుకెళ్లాలి అని అడిగారు. బాబు, పాప, మీవారు, అత్తగారు, అందరూ ఉన్నారు అందులో, మీరు తప్ప. మీ ఉద్యోగం గురించి చివర్లో ఒకే ఒక్క ముక్క, ‘మానేస్తున్నాను’ అని.

నేను 2016 నవంబరులో అదే ఊరికి ఇలాగే ఇద్దరు పిల్లల్ని వేసుకుని వెళ్లాను. పెద్దదానికి అప్పుడు నాలుగేళ్లు, చిన్నవాడికి ఏడాదిన్నర. ఏడేళ్లు ఉండి 2023లో మళ్లీ వైజాగ్ ఎంవీపీ కాలనీకి వచ్చేశాం. మా ఆడపడుచు వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి కొత్త రూల్సు కూడా చెవిన పడుతూనే ఉంటాయి.

ముందు తేదీ సంగతి. వీలుంటే అక్టోబరు చివర్లో మీరూ పిల్లలూ వెళ్లకండి. సరిగ్గా ఆ నెల ఆఖరి ఆదివారమే అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబరు వచ్చేసరికి ఉదయం ఎనిమిది దాటితే గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. మా పెద్దది మధ్యాహ్నం పడుకుని లేచి, కిటికీలోంచి బయటికి చూసి, “ఇవాళ టిఫినేంటమ్మా?” అని అడిగేది. మొదటి రెండు రోజులూ నవ్వుకున్నాను. పదో రోజుకి నాకూ అది పొద్దునో సాయంత్రమో తెలియడం మానేసింది. ఆర్కే బీచ్‌లో ఏ నెలలోనైనా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే అలవాటున్న మనకి ఆ చీకటి మామూలు విషయం కాదు. చలికి స్వెట్టర్ వేసుకోవచ్చు, చీకటికి ఏం వేసుకుంటాం?

మీవారిని అక్టోబరులో వెళ్లి చేరిపోనివ్వండి. మీరు పిల్లలతో మార్చిలో వెళ్లండి. నాలుగైదు నెలలు విడిగా ఉండాలంటే మీ ఇద్దరికీ కష్టమే, మా ఇంట్లో అయితే ఆ మాటకే గొడవయ్యేది. కానీ ఆ నెలల్లో ఆయన ఇల్లు వెతుకుతారు, కాగితాలు నడిపిస్తారు. మీరు అత్తగారి సాయంతో పిల్లల్ని చూసుకుంటూ, రోజుకో గంట జర్మన్ నేర్చుకుంటారు. మార్చిలో దిగితే పొద్దు పెరుగుతూ ఉంటుంది, పార్కులు నిండుతూ ఉంటాయి. ఆ పార్కు బెంచీల మీదే మీకు మనుషులు దొరుకుతారు. నవంబరులో దిగినవాళ్లకి ఏప్రిల్ దాకా అవి ఖాళీ బెంచీలే.

ఇల్లు. అక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నగరపాలక ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి, దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. మేం మొదట దిగిన ఫర్నిష్డ్ ఫ్లాట్ ఓనరు అద్దె తీసుకున్నాడు గానీ ఆ కాగితం ఇవ్వలేదు. అది లేక టాక్స్ నంబరు రాలేదు, అది రాక మొదటి జీతంలో టాక్స్ ఎడాపెడా కోసేశారు. ఇల్లు మారేదాకా, అంటే ఆరు వారాలు, మేం ఆ ఊళ్లో లేనట్టే లెక్క. కాబట్టి తాత్కాలికంగా దిగే ఫ్లాట్ అయినా సరే, డబ్బు కట్టే ముందే “అన్‌మెల్డుంగ్‌కి కాగితం ఇస్తారా?” అని మీవారిని రాతపూర్వకంగా అడగమనండి.

వంటగది గురించి మీకెవరూ చెప్పి ఉండరు. అద్దె ఇల్లంటే వంటగది ఉంటుందనుకుంటాం కదా. అక్కడ చాలా ఇళ్లలో వంటగది అంటే గోడలోంచి బయటికొచ్చిన రెండు పైపులూ, ఒక కరెంటు పాయింటూ. సింకు, పొయ్యి, అలమరలు పాత అద్దెవాళ్లు ఊడదీసి పట్టుకుపోతారు, లేదంటే మనకే అమ్ముతారు. ప్రకటనలో ‘ఐన్‌బౌక్యూషె’ అనే మాట ఉంటే వంటగది బిగించి ఉన్నట్టు. అడ్వాన్సు కింద మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. హీటింగు వగైరాలు కలపని అద్దెని, అంటే ‘కాల్ట్’ అద్దెని, బట్టి దాన్ని లెక్కేస్తారు. ఇద్దరు పసిపిల్లలతో సింకు లేని ఇంట్లో దిగి, బాత్రూమ్ టబ్బులో గిన్నెలు తోమిన మూడు వారాలు నాకు ఇప్పటికీ నడుం నొప్పిగా గుర్తున్నాయి.

కాగితాల్లో రెండు విషయాలు వైజాగ్‌లో ఉండగానే తేల్చుకోండి. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు తీసి పేరు గడిలో పేరు ఉందో లేదో చూడండి. ఆస్పత్రి నుంచి వెళ్లిన వివరాలతో ఇచ్చేసిన సర్టిఫికెట్లలో చాలాసార్లు ఆ గడి ఖాళీగా ఉంటుంది, తర్వాత ఎక్కించుకుందాంలే అని మరిచిపోతాం. రెండోది ఇంటిపేర్ల తంటా. మావారి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, నాది పుట్టింటి ఇంటిపేరు, పిల్లలకి ఏదో నాజూగ్గా ఉందని నాన్న పేరే సర్‌నేమ్‌గా పెట్టాం. నలుగురివి కలిపి మూడు రకాలు. అక్కడి గుమాస్తా మా పాస్‌పోర్టులు వరసగా పేర్చుకుని, ఈ నలుగురూ ఒక కుటుంబమేనా అని మావారి ముఖంలోకి చూసింది. పెళ్లి సర్టిఫికెట్ చేతి సంచిలోనే పెట్టుకోండి. ఇంకో సంగతి, పోస్టు డబ్బా మీద అన్ని ఇంటిపేర్లూ రాయండి. అక్కడ ప్రతిదీ ఉత్తరంలోనే వస్తుంది, డబ్బా మీద పేరు లేకపోతే ఆ ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

టీకాల కార్డు పాప పాస్‌పోర్టుతో సమానం అనుకోండి. 2020 మార్చి నుంచి జర్మనీలో బడికైనా కిటాకైనా తట్టు టీకా రుజువు చూపించాలి. కిటా అంటే మన ప్లేస్కూలు, అంగన్‌వాడీ కలిపినట్టుండే చోటు. రెండేళ్లు నిండిన పిల్లలకి రెండు డోసులూ ఉండాలి. మన దగ్గర ఎంఆర్ టీకా, అంటే తట్టు, రుబెల్లా కలిపిన టీకా, మొదటిది తొమ్మిది నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. మీ పాపకి ఇప్పుడు సరిగ్గా ఆ వయసే, రెండోది పడిందో లేదో ఇవాళే కార్డు తీసి చూడండి. కార్డులో తేదీలు అలికేసినట్టుంటే మీ పిల్లల డాక్టరు దగ్గర ఇంగ్లీషులో మళ్లీ రాయించుకుని స్టాంపు వేయించండి.

ఇప్పుడు పిల్లలు ఇమడడం గురించి. ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ కిటాలో చోటు అడిగే హక్కు 2013 నుంచి చట్టంలో ఉంది. హక్కు ఉండడం వేరు, సీటు ఉండడం వేరు. మాకు మూడు నెలలు పట్టింది, అదీ పెద్దదానికే. మీవారు చిరునామా నమోదు చేసుకున్న రోజే ఇద్దరి పేర్లూ ఇచ్చేయాలి, ఒక్క కిటాతో సరిపెట్టుకోకుండా నాలుగైదు చోట్ల. ఫీజు ఊరిని బట్టి మారుతుంది. బెర్లిన్‌లో కట్టక్కర్లేదు, స్టుట్‌గార్ట్‌లో కట్టాలి.

సీటు వచ్చాక మొదటి వారాలు మీకు వింతగా ఉంటాయి. ఇక్కడ కాన్వెంటులో మొదటిరోజు ఏం చేస్తాం? ఏడుస్తున్న పిల్లని గేటు దగ్గర ఆయా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. అక్కడ అమ్మో నాన్నో పిల్లతోపాటు గదిలో కూర్చోవాలి. మొదటి మూడు రోజులు విడదీసే ప్రయత్నమే చేయరు. నాలుగో రోజు “మీరు బయటికెళ్లి కాసేపు ఆగి రండి” అంటారు. ఏడుపు ఆగితే ఆ సమయం కొంచెం కొంచెం పెంచుతారు, ఆగకపోతే మళ్లీ వెనక్కి. ఇలా రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ నెలలో ఇద్దరిలో ఒకరికి వేరే పనేమీ పెట్టుకోవడానికి ఉండదు. మొదట్లో నాకు విసుగొచ్చింది, ఇదేం చాదస్తం అనుకున్నాను. చిన్నవాడి వంతు వచ్చేసరికి నేనే ఇంకో వారం ఉంటానన్నాను.

పెద్దది కిటాలో నాలుగు నెలలు నోరు విప్పలేదు. తినేది, ఆడేది, చెప్పింది చేసేది, మాట మాత్రం లేదు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. తెలుగు మానేసి ఇంట్లో ఇంగ్లీషో వచ్చీరాని జర్మనో మాట్లాడితే నయమేమో అని టీచర్ని అడిగాను. ఆవిడ వద్దంటే వద్దంది, “మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, మా భాష మేం చూసుకుంటాం” అంది. జూన్‌లో ఒకరోజు తీసుకురావడానికి వెళ్తే ఇసకగుంట దగ్గర ఒక పిల్లాడు దీని ఎర్ర బకెట్టు లాక్కుంటున్నాడు. ఇది రెండు చేతులా పట్టుకుని, ముఖం ఎర్రగా చేసుకుని, “నైన్! దాస్ ఇస్ట్ మైన్స్!” అని అరిచింది. వద్దు, ఇది నాది అని. అదే దాని మొదటి జర్మన్ వాక్యం. టీచరూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వాం. కొత్త భాష మధ్య పడ్డ పిల్లలు కొన్ని వారాలో నెలలో ఇలా మౌనంగా ఉండడం మామూలే. మీ బాబు మాట్లాడకపోతే ఎదురుచూడండి, బతిమాలకండి.

అసలు బెంగ ఆ తర్వాత మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి ఇంట్లో తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చేది. మావారికి ముచ్చటేసి ఆయనా జర్మన్‌లోనే బదులిచ్చేవారు, అది మా తప్పు. అత్తగారితో వీడియో కాల్ అంటే “ఎలా ఉన్నావు?”, “బాగున్నా మామ్మా”, అక్కడితో సరి, ఫోన్ నా చేతికి. దాన్ని మార్చింది మా అత్తగారే. అష్టాచమ్మా గడులు ఇక్కడ పీట మీద ఒకటి, అక్కడ అట్టముక్క మీద ఒకటి గీశాం. గవ్వలు మామ్మ వేస్తుంది, రెండు చోట్లా కాయలు జరుపుతారు. “మామ్మా, గవ్వ తిప్పేశావు, నేను చూశాను!” “నా కంటికి సరిగా అవుపడలేదే, మళ్లీ ఏస్తానుండు.” బతిమాలుకోవడం, దెప్పుకోవడం, లెక్క తేల్చుకోవడం, అన్నీ తెలుగులోనే జరగాలి మరి. వేసవిలో మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. ఇక్కడ రాత్రి ఎనిమిదికి ఆట మొదలైతే అక్కడ పిల్లలు కిటా నుంచి వచ్చి పాలు తాగే వేళ. తెలుగు క్లాసులు ఉన్నాయి, పెట్టించండి. కానీ మా ఇంట్లో తెలుగు నిలబెట్టింది ఆ నాలుగు గవ్వలే.

జ్వరాల గురించి క్లుప్తంగా చెప్తాను. దిగిన మొదటి వారమే పిల్లల డాక్టర్ల దగ్గరికి ఫోన్లు చేయండి, కొత్త పేషెంట్లని తీసుకోమనేవాళ్లు చాలామంది ఉంటారు. ప్రభుత్వ తరహా ఆరోగ్య బీమా తీసుకుంటే, మీకు సంపాదన లేనంతవరకూ మీవారి ప్రీమియంలోనే మీరూ పిల్లలూ అదనంగా కట్టకుండా వచ్చేస్తారు. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో డాక్టరు కావాలంటే 116117, ప్రాణం మీదకొస్తే 112. ఇక్కడిలా సాయంత్రం వెళ్తే రాత్రికి యాంటీబయోటిక్ చేతిలో పెట్టరు. “నీళ్లు, టీ బాగా పట్టించండి, పడుకోనివ్వండి, తగ్గకపోతే మళ్లీ రండి” అంటారు. మొదటిసారి చిన్నవాడికి జ్వరమొస్తే రాసిచ్చింది సిరప్ కాదు, కింద నుంచి పెట్టే మందు. మందుల షాపులో ఆవిడ సైగలతో వివరించిన తీరు మావారు ఇప్పటికీ పెళ్లిళ్లలో చేసి చూపిస్తారు. కిటాలో మొదటి చలికాలం ముక్కు కారడం ఆగదు, దానికి సిద్ధపడండి. పిల్లలకి బాగోక, ఇంట్లో చూసుకునేవాళ్లు ఇంకెవరూ లేకపోతే, తల్లిదండ్రుల్లో ఉద్యోగం చేసేవాళ్లు ఒక్కో బిడ్డకి ఏడాదికి 15 రోజుల దాకా సెలవు పెట్టుకోవచ్చు, చాలావరకు జీతం నష్టపోకుండా బీమా సంస్థ ఇస్తుంది. మీరు ఉద్యోగంలో చేరేసరికి మీవారికి అది తెలియాలి. తెలియకపోతే ఆ రోజులన్నీ మీ ఖాతాలోనే పడతాయి.

ఇక మీరు. గాజువాక ఇంట్లో పొద్దున్నించి ఎంతమంది మీ గుమ్మం తొక్కుతారో లెక్కపెట్టండి. పాలబ్బాయి, పనిమనిషి, బాబు ఆటో అతను, పక్కింటావిడ, మధ్యాహ్నం ఆకుకూరలమ్మ. అక్కడ ఒక్కరూ రారు. నా మొదటి చలికాలంలో మావారు కాకుండా నాతో మాట్లాడిన పెద్ద మనిషి ఎవరంటే సూపర్‌మార్కెట్‌లో బిల్లెంతయిందో చెప్పే అమ్మాయి. పిల్లలకి నేను ఉన్నాను, ఆయనకి ఆఫీసు ఉంది. నాకు ఆ ఇద్దరి తిండీ, బట్టలూ, ఇంటికెళ్లి ఏడవడానికి పుట్టిల్లు లేని ఊరూ. ఆ ఏడాది జనవరిలో సంక్రాంతి రోజున ఇంట్లో తలుపేసుకుని, పిల్లలకి కార్టూన్లు పెట్టి, బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను.

నన్ను బయటికి లాగింది ఒక చెక్కముక్క. ఒక సోమవారం మా తలుపు పిడికి ఎవరో చిన్న బోర్డు తగిలించి వెళ్లారు. మీద ‘కేర్‌వోఖె’ అని ఉంది. అలంకారం అనుకుని వదిలేశాను. శనివారం కింది అంతస్తు ముసలావిడ బెల్లు కొట్టి, మెట్లవైపు చేయి చూపిస్తూ ఏదో గట్టిగా చెప్పింది. పిల్లలు గెంతుతున్నారని తిడుతోందనుకుని వచ్చిన నాలుగు ముక్కల్లో క్షమాపణ చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపి కిందికి వెళ్లి, బకెట్టూ చీపురూ పట్టుకొచ్చి, పై మెట్టు నుంచి తుడవడం మొదలుపెట్టింది. ఆ ప్రాంతంలో అపార్టుమెంటు మెట్లు వారానికొక ఇంటివాళ్లు వంతులవారీగా శుభ్రం చేయాలట, బోర్డు ఎవరి తలుపుకి ఉంటే ఆ వారం వాళ్లది. సిగ్గుతో నేనూ గుడ్డ తెచ్చుకుని కూర్చున్నాను. మెట్లయ్యాక ఆవిడ వాళ్లింట్లో కాఫీ ఇచ్చింది. తర్వాత ప్రతి గురువారం వెళ్లేదాన్ని. నాకొచ్చిన జర్మన్‌లో సగం ఇప్పటికీ తుడవడం, తడి, మరక గురించే.

కాబట్టి మీకు చెప్పేది ఇది. మీవారిది బ్లూ కార్డు, అంటే పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి, అయితే భార్యకి జర్మన్ పరీక్ష అడగరు, వెళ్లిన దగ్గర్నుంచీ ఉద్యోగం చేసుకునే హక్కూ ఉంటుంది. అడగడం లేదు కదా అని నేర్చుకోకుండా వెళ్లాను నేను. మీరు జర్మన్‌లో మొదటి మెట్టయిన ఏ1 స్థాయి ఇక్కడే పూర్తిచేసి వెళ్లండి. అక్కడికెళ్లాక ఇంటిగ్రేషన్ కోర్సు ఉంటుంది, 600 గంటల భాష, 100 గంటలు ఆ దేశం గురించి. పిల్లలకి సీటు దొరికిన నెలలోనే చేరిపోండి, పాప ఇంకా చిన్నది అని వాయిదా వేయకండి. మీ డిగ్రీ, ఎక్స్‌పీరియన్స్ కాగితాలు అత్తగారి బీరువాలో వదలకుండా వెంట తీసుకెళ్లండి. పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు, కిండర్‌గెల్డ్, 2026 జనవరి నుంచి ఒక్కొక్కరికి నెలకి 259 యూరోలు. దాన్ని ఇద్దరిలో ఎవరు తీసుకోవాలో మీరే చెప్పుకోవచ్చు. మీ పేరున ఖాతా తెరిచి అందులో పడేలా చూడండి, మొదటి రోజుల్లో కాఫీకి కూడా మొగుణ్ణి డబ్బులడగడం ఎంత చిన్నతనంగా ఉంటుందో నాకు తెలుసు. శనివారం ఉదయం మూడు గంటలు పిల్లలు ఆయన బాధ్యత. మీరు బయటికెళ్లాలి, పనేమీ లేకపోయినా సరే. ఊరి నడుమ తెల్లటి పెట్టెలాంటి పెద్ద లైబ్రరీ ఉంటుంది, 2011లో కట్టింది. చలికాలంలో నాకు అదే బీచ్ రోడ్డు.

సామాను గురించి నాలుగు మాటలు. అక్కడ ప్లగ్గులు వేరు, కరెంటు మాత్రం మనలాగే 230 వోల్టులు, మిక్సీ పనిచేస్తుంది. ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం కుక్కర్ ఎక్కదు, పూర్ణామార్కెట్‌లో అడుగు చూసి స్టీలుదే కొనండి. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు, తాజా కరివేపాకు తీసుకెళ్లనివ్వరు. మాడుగుల హల్వా మీద ఆశ ఉంటే బయలుదేరే ముందే తినేయండి. రాత్రి పది దాటాక, ఆదివారాలూ మిక్సీ తిప్పితే పక్కింటివాళ్లు ఊరుకోరు, పిండి శనివారం పగలే రుబ్బుకోండి. చలికి పులవకపోతే గిన్నెని ఓవెన్‌లో పెట్టి లోపలి లైటు మాత్రం వేసి ఉంచండి, పొద్దున్నకి పొంగుతుంది. చలి కోట్లు ఇక్కడ కొనకండి, అక్కడ పిల్లల సెకండ్‌హ్యాండ్ సంతల్లో మంచివి చవగ్గా దొరుకుతాయి.

బాబుకి జూన్ 30 లోపు ఆరు నిండితే ఆ సెప్టెంబరులోనే ఒకటో తరగతి. బడి మొదలయ్యాక సెలవులు కాని రోజుల్లో పిల్లాణ్ణి ఊరికి తీసుకెళ్తే జరిమానా వేయగలరు, కాబట్టి సంక్రాంతికి రావడం అన్నది ఇక ఉండదు. అత్తగారికి ఆ ముక్క ముందే చెప్పేయండి. జులై చివరి నుంచి ఆరు వారాలు దాటి సెలవులుంటాయి, ఆ టిక్కెట్లు మాత్రం మండిపోతాయి. ఇంకొకటి, బడి మొదటిరోజు ప్రతి పిల్లా పెద్ద అట్ట గొట్టం ఒకటి పట్టుకుని వెళ్తుంది, పెన్సిళ్లు, చాక్లెట్లు నింపి. అది ఇంట్లోవాళ్లే సిద్ధం చేయాలి. 2018లో మా పెద్దదాని గొట్టంలో అత్తగారు పంపిన బెల్లం జీళ్లు కూడా పెట్టాను. మధ్యాహ్నం బడి బయట దాని పక్కన కొత్త స్నేహితులిద్దరు నోట్లో వేళ్లు పెట్టుకుని, పళ్లకి అంటుకుపోయిన జీళ్లు లాక్కుంటూ, ఇంకా ఉన్నాయా అని అడుగుతున్నారు.